పద్యంలో దాగిన ఇరవై అంకెల సంఖ్య: చేత్తో విప్పి చూడటం ఎలా?

ఇరవై అంకెల సంఖ్య ఒకటి ఇచ్చి దాని కారణాంకాలు చెప్పమంటే ఎవరైనా ముందు ఫోన్ తీస్తారు. చాలా ఫోన్లలోని మామూలు కాలిక్యులేటర్ 1.8446744 దాకా చూపించి, పక్కన ఈ19 అని పెట్టి చేతులు దులుపుకుంటుంది. నిజానికి మనం తీసుకోబోయే సంఖ్యకి ఫోన్ అవసరమే లేదు. ఎనిమిదో తరగతి లెక్కలు, నాలుగు తెల్ల కాగితాలు, ఒక సాయంత్రం ఉంటే చాలు. గుణకారాలు విసుగనిపిస్తే వాటివరకు కాలిక్యులేటర్ వాడుకోండి, తప్పేం లేదు.

ఆ సంఖ్య ఇది: 1,84,46,74,40,73,70,95,51,615. దాదాపు లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్లు. ఇది మన తెలుగు పద్యంలోనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

1. పద్యాన్ని అంకెల్లోకి మార్చడం

మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఆయన పేరు మీద చెప్పుకునే ఒక చంపకమాల ఉంది. చదరంగం పలకలో మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే 64 గళ్లకీ కలిపి ఎన్ని గింజలవుతాయో ఆ పద్యం చెబుతుంది. అంకె ఒక్కటి కూడా నేరుగా ఉండదు, అన్నీ భూతసంఖ్యలే. అంటే వస్తువు పేరు చెబితే దానికి లోకంలో ఎన్ని ఉన్నాయో ఆ అంకె వేసుకోవాలి.

పద్యంలో వచ్చే వరుస ఇది. కాగితం మీద ఒక్కో మాట కింద అంకె వేస్తూ రండి:

శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1.

మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి శర, సాయక రెండూ 5. శరీరంలో రంధ్రాలు తొమ్మిది. ఆకాశం శూన్యం. కులపర్వతాలు ఏడు. బ్రహ్మ ముఖాలు నాలుగు. దిగ్గజాలు ఎనిమిది. తుహినాంశుడంటే చల్లని కిరణాలవాడు, అంటే చంద్రుడే, కాబట్టి 1. తడబడేది సముద్రం దగ్గర. సప్తసముద్రాలు అని అలవాటుగా 7 వేసేస్తాం, కానీ ఇక్కడ సముద్రం 4.

ఇప్పుడు ముఖ్యమైన మాట. 'అంకానాం వామతో గతిః' అన్నారు. అంకెలు ఎడమవైపుకి నడుస్తాయి. అంటే పద్యంలో మొదట వచ్చిన శర ఒకట్ల స్థానం, శశి పదుల స్థానం. కుడి నుంచి ఎడమకి రాసుకుంటూ పోతే చివరి తుహినాంశు అన్నిటికన్నా ఎడమన నిలబడుతుంది. వచ్చేది 18446744073709551615.

2. అదే సంఖ్యని సొంతంగా కట్టుకోవడం

పద్యం చెప్పిందని నమ్మేయడం కాదు, లెక్క కట్టి చూడాలి. గళ్లలో గింజలు 1, 2, 4, 8. వాటి మొత్తాలు 1, 3, 7, 15. ప్రతిసారీ మొత్తం తర్వాతి గడి కన్నా ఒకటి తక్కువ. కాబట్టి 64 గళ్ల మొత్తం 2⁶⁴ − 1.

2ని 64 సార్లు రెట్టించనక్కర్లేదు. ఆరుసార్లు వర్గం చేస్తే చాలు: 2 నుంచి 4, 16, 256, 65,536, ఆ తర్వాత 4,29,49,67,296. ఇది 2³². ఇంకొక్క వర్గం చేస్తే 2⁶⁴ వస్తుంది. పది అంకెల సంఖ్యని ఒకేసారి వర్గం చేయబోతే తప్పు పడుతుంది కాబట్టి దాన్ని రెండు ముక్కలు చేయండి: 42949, 67296. ఇక (a+b)² సూత్రమే.

42949 వర్గం: (43000 − 51)² అనుకుంటే 1844616601.
67296 వర్గం: (67300 − 4)² అనుకుంటే 4528751616.
రెండిటి లబ్ధానికి రెట్టింపు: 5780591808.

మొదటిదానికి పది సున్నాలు, రెట్టింపు లబ్ధానికి ఐదు సున్నాలు చేర్చి మూడూ కూడండి:

18446166010000000000
+ 578059180800000
+ 4528751616
= 18446744073709551616

ఒకటి తీసేస్తే పద్యంలోని సంఖ్యే, అంకె తేడా లేకుండా. మొదటిసారి ఈ కూడిక ముగిసినప్పుడు నేను కాసేపు కాగితం కేసి చూస్తూ ఉండిపోయాను. యతి ప్రాసలు తప్పకుండా ఇరవై అంకెల్ని పద్యంలో కూర్చోబెట్టడం నాకైతే గుణకారం కన్నా కష్టంగానే కనిపిస్తుంది.

3. రాసింది సరిగ్గా రాశామా?

పెద్ద సంఖ్యలతో పనిచేసేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ తప్పులు లెక్కలో రావు, ఎత్తి రాసుకోవడంలో వస్తాయి. అందుకే రెండు తనిఖీలు అలవాటు చేసుకోండి.

ఒకటి, 9తో శేషం. అంకెలన్నీ కూడితే 87. దాన్ని 9తో భాగిస్తే శేషం 6. రావలసింది ఎంత? 2⁶ అంటే 64, 9తో శేషం 1. కాబట్టి 2⁶⁰కి కూడా శేషం 1. మిగిలిన 2⁴ అంటే 16, శేషం 7. అందులోంచి ఒకటి తీస్తే 6. సరిపోయింది. సముద్రాలు రెండిటికీ 7 వేసుంటే అంకెల మొత్తం 93 అయి, శేషం 3 వచ్చి, తప్పు ఇక్కడే దొరికిపోయేది.

రెండోది, 11తో శేషం. కుడి చివర నుంచి ఒక అంకె కూడుతూ, తర్వాతిది తీసేస్తూ పోండి: 5 − 1 + 6 − 1 + 5 − 5 + 9... చివరికి 37 వస్తుంది. 11తో శేషం 4. రావలసింది: 2¹⁰ అంటే 1024, 11తో శేషం 1, కాబట్టి 2⁶⁰కీ 1. 16కి శేషం 5, ఒకటి తీస్తే 4. ఇదీ సరిపోయింది.

రెండూ ఎందుకంటే, పక్కపక్క అంకెలు తారుమారైతే అంకెల మొత్తం మారదు. నేనొకసారి చివరి 15ని 51 అని రాశాను. 9 తనిఖీ హాయిగా పాస్ అయిపోయింది. 11 దగ్గర 37కి బదులు 29 వచ్చి, శేషం 7 అయి, అప్పుడు పట్టుబడింది.

4. కంటితో కనిపించే గుణాలు

చివర 5 ఉంది: బేసి సంఖ్య, 5తో పోతుంది. చివరి రెండంకెలు 15, కాబట్టి 25తో పోదు. అంకెల మొత్తం 87, కాబట్టి 3తో పోతుంది, 9తో పోదు. 11తో పోదని ఇప్పుడే చూశాం. 7 సంగతి: 2³ అంటే 8, 7తో శేషం 1. కాబట్టి 2⁶³కీ శేషం 1, 2⁶⁴కి 2, ఒకటి తీస్తే 1. పోదు.

ఇది పూర్ణవర్గమా? 5తో ముగిసే పూర్ణవర్గమేదైనా 25తోనే ముగియాలి. ఇది 15తో ముగిసింది, కాబట్టి కాదు.

ఇక్కడితో సులువైన సూత్రాలు అయిపోయాయి. ఇలాగే 13, 17, 19 అంటూ వరుసగా భాగించుకుంటూ పోవచ్చు, కానీ వర్గమూలం దాదాపు 429 కోట్లు. అంతదాకా వెళ్లేసరికి మనముండం. దారి మార్చాలి.

5. సంఖ్య పుట్టిన తీరుని వాడుకోవడం

ఎవరో ఇరవై అంకెలు గాలిలో రాసిచ్చి ఉంటే చేత్తో చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. కానీ ఇది 2⁶⁴ − 1 అని మనకి తెలుసు. a² − b² = (a − b)(a + b) అనే ఒక్క సూత్రంతో సగం తాళాలు ఊడిపోతాయి.

2⁶⁴ − 1 = (2³² − 1)(2³² + 1)

మొదటి ముక్కని మళ్లీ అలాగే విడదీయండి: (2¹⁶ − 1)(2¹⁶ + 1). మళ్లీ, మళ్లీ. చివరికి మిగిలేవి:

(2 + 1)(2² + 1)(2⁴ + 1)(2⁸ + 1)(2¹⁶ + 1)(2³² + 1)

అంటే 3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297. ఒక్క భాగాహారం కూడా చేయకుండా ఆరు ముక్కలు వచ్చాయి. కావాలంటే వెనక్కి గుణించి చూడండి. 3 × 5 = 15, ఇంటూ 17 అంటే 255, ఇంటూ 257 అంటే 65,535. ప్రతి మెట్టులోనూ ఏదో ఒక 2 ఘాతానికి ఒకటి తక్కువ.

ఈ ముక్కలకి ఫెర్మా సంఖ్యలని పేరు. 1640లో ఫెర్మా ఈ వరుసలోవన్నీ ప్రధాన సంఖ్యలే అని అనుకున్నాడు. మొదటి ఐదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోది, అంటే 4,29,49,67,297, ఆయన్ని మోసం చేసింది. 1732లో ఆయిలర్ అది 641తో పోతుందని చూపించాడు.

6. 641 ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ గైడ్ మొత్తంలో తొందరపడకుండా చదవాల్సింది ఈ మెట్టే.

2³² + 1ని ఏదో ప్రధాన సంఖ్య p భాగిస్తోంది అనుకుందాం. అప్పుడు p లెక్కన, అంటే pతో భాగిస్తే, 2³² కి శేషం −1 (p గుణిజానికి ఒకటి తక్కువ అని అర్థం). వర్గం చేస్తే 2⁶⁴ కి శేషం 1. 2 ఘాతాలు ఇలా మొదటిసారి 1కి తిరిగొచ్చేది సరిగ్గా 64వ ఘాతం దగ్గరే. అంతకన్నా ముందే వచ్చి ఉంటే 32 దగ్గర కూడా 1 రావాలి, అక్కడ వచ్చింది −1 కదా. ఫెర్మాదే ఇంకో సిద్ధాంతం ప్రకారం p − 1వ ఘాతానికి కూడా శేషం 1. కాబట్టి p − 1 అనేది 64కి గుణిజం కావాలి. అంటే వెతకాల్సినవి 65, 129, 193, 257, 321... ఇవే. వీటిలో ప్రధాన సంఖ్యలు మాత్రమే తీసుకుంటే 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికే చేప పడింది.

1878లో ఎడ్వార్డ్ లూకా అనే ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఈ వల కన్నాన్ని ఇంకా చిన్నది చేశాడు. p − 1 అనేది 64కే కాదు, 128కి గుణిజం కావాలన్నాడు. అప్పుడు 641కి ముందు చూడాల్సిన ప్రధాన సంఖ్య 257 ఒక్కటే. సరదా సంగతేమిటంటే, 1883లో హనోయ్ టవర్ అనే పజిల్ తెచ్చింది కూడా ఈ లూకాయే. మూడు కడ్డీల మీద 64 బిళ్లల్ని మార్చాలంటే ఎన్ని ఎత్తులు కావాలో తెలుసా? మన సంఖ్యే, సరిగ్గా 2⁶⁴ − 1.

641 నిజంగా పోతుందని భాగాహారం లేకుండానే చూపించవచ్చు. 641ని రెండు రకాలుగా రాయండి:

641 = 5 × 2⁷ + 1
641 = 5⁴ + 2⁴

మొదటిదాన్ని బట్టి 641 లెక్కన 5 × 2⁷ కి శేషం −1. నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸ కి శేషం 1. రెండోదాన్ని బట్టి 5⁴ అంటే −2⁴ తో సమానం. అది అక్కడ పెడితే −2³² కి శేషం 1. అంటే 2³² కి శేషం −1, 2³² + 1 కి శేషం సున్నా. ఇంత పొట్టి రుజువు నేను ఎవరికి చూపించినా ముందు నమ్మరు, తర్వాత ఇంకోసారి చెప్పమంటారు.

భాగిస్తే వచ్చేది 67,00,417. సరిచూసుకోండి: 67,00,417 × 600 = 4,02,02,50,200, ఇంటూ 41 అంటే 27,47,17,097, రెండూ కలిపితే 4,29,49,67,297.

7. ఇంకా విరుగుతాయా?

3, 5, 17 గురించి చెప్పక్కర్లేదు. 257కి 13 దాకా ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు, ఏదీ పోదు. 65,537కి మామూలుగా అయితే 256 లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలి, అవి 54. లూకా వల ప్రకారం దీనికి కావాల్సినవి 64 గుణిజానికి ఒకటి ఎక్కువ ఉన్నవే: 65, 129, 193. మొదటి రెండూ ప్రధాన సంఖ్యలు కావు. 193తో భాగిస్తే శేషం 110. అయిపోయింది, 65,537 ప్రధాన సంఖ్య.

67,00,417 వర్గమూలం 2,588కి కొంచెం ఎక్కువ. అంతలోపు 128 గుణిజానికి ఒకటి ఎక్కువ ఉన్నవి ఇరవై. వాటిలో ప్రధాన సంఖ్యలు ఐదే ఐదు. శేషాలు ఇవి:

257తో 170
641తో 44
769తో 120
1153తో 334
1409తో 622

ఒక్కటి కూడా సున్నా కాదు. కాబట్టి ఇదీ ప్రధాన సంఖ్యే. పూర్తి విడదీత ఇది:

3 × 5 × 17 × 257 × 641 × 65,537 × 67,00,417

పరీక్షకి రాసుకునే పిల్లలు 641ని 257 తర్వాత పెట్టడం మర్చిపోయి చివర తగిలిస్తుంటారు. మార్కులు పోవుగానీ చూడ్డానికి బాగోదు.

8. కారణాంకాలు ఎన్ని? వాటి మొత్తం ఎంత?

ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ప్రతిదీ ఒక్కసారే. ఒక్కోదాన్ని తీసుకోవడమో వదిలేయడమో, రెండే దారులు. కాబట్టి మొత్తం కారణాంకాలు 2⁷ = 128. అన్నీ బేసి సంఖ్యలే.

వాటి మొత్తం కావాలంటే ప్రతి ప్రధాన సంఖ్యకీ ఒకటి కలిపి గుణించాలి:

4 × 6 × 18 × 258 × 642 × 65,538 × 67,00,418 = 3,14,21,98,09,89,18,98,88,768

మూడో మెట్టులోని తనిఖీలు ఇక్కడా పనికొస్తాయి. గుణించేవాటిలో 18 ఉంది కాబట్టి జవాబు 9తో పోవాలి, అంకెల మొత్తం 117, పోతుంది. 65,538 అంటే 11 × 5,958, కాబట్టి 11తోనూ పోవాలి. అదీ మీరే చూసుకోండి. ఈ మొత్తంలోంచి అసలు సంఖ్యని తీసేస్తే మిగిలేది అసలు సంఖ్య కన్నా తక్కువ. కాబట్టి ఇది 6, 28 లాంటి పరిపూర్ణ సంఖ్య కాదు.

ఇంకో గుణం జ్యామితికి సంబంధించింది. స్కేలూ వృత్తలేఖినీ మాత్రమే వాడి 17 భుజాల క్రమ బహుభుజి గీయవచ్చని గాస్ 1796లో కనుక్కున్నాడు. భుజాల సంఖ్య బేసి అయితే, అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం అయినప్పుడే అలా గీయడం కుదురుతుంది. ఇప్పటిదాకా తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు ఐదే: 3, 5, 17, 257, 65,537. వీటి లబ్ధం 4,29,49,67,295, అంటే మన సంఖ్యలో సగం దారి. అక్కడిదాకా గీయవచ్చు, కనీసం కాగితం మీద రుజువుగా. 641 వచ్చి చేరగానే గీత ఆగిపోతుంది.

9. కంప్యూటర్‌కి ఇచ్చే ముందు

ద్విసంఖ్యామానంలో రాస్తే ఇది వరుసగా 64 ఒకట్లు. ఇంకేమీ ఉండదు. ప్లస్, మైనస్ గుర్తుకి చోటు పెట్టని 64 బిట్ల గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. దానికి ఒకటి కలిపితే గడి నిండి పొర్లి సున్నా అవుతుంది. చదరంగం గళ్లూ మెమరీ బిట్లూ రెండూ 64 కావడం వల్ల వచ్చిన చుట్టరికం ఇది.

స్ప్రెడ్‌షీట్‌లో మాత్రం దీన్ని టైప్ చేయకండి. చాలావాటిలో మొదటి 15 అంకెలే నిలుస్తాయి, మిగతావి సున్నాలైపోయి 18446744073709500000 అవుతుంది. బేసి సంఖ్య సరి సంఖ్యగా మారిపోయిందంటే దాని కారణాంకాల గురించి మాట్లాడుకోవడం దండగ. పైథాన్‌లో పూర్ణసంఖ్యగా ఇస్తే అంకె పోదు. కానీ చివర దశాంశ బిందువు పడిందా, అది 2⁶⁴కి జరిగిపోతుంది. లైనక్స్ ఉన్నవాళ్లకి ఫ్యాక్టర్ అనే కమాండ్ ఉంది. సంఖ్య ఇచ్చి ఎంటర్ కొట్టగానే ఏడు ప్రధాన సంఖ్యలూ వరుసగా వచ్చేస్తాయి. మన సాయంత్రం పని దానికి రెప్పపాటు. కాకపోతే 641 ఎందుకో అది చెప్పదు.

10. మీరు చేయడానికి ఒకటి

మహావీరాచార్యుడి గ్రంథంలో హారంలా కూర్చిన సంఖ్యలు కొన్ని ఉన్నాయి. ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కి మళ్లీ ఒకటికి దిగే 12345654321 వాటిలో ఒకటి. 27994681ని 441తో గుణిస్తే ఇది వస్తుందని ఆయన ఇచ్చాడు.

దీన్నీ ఇలాగే విప్పండి. ముందు ఇది ఏ సంఖ్యకి వర్గమో కనిపెట్టండి, ఆరు ఒకట్లు ఎక్కడైనా దొరుకుతాయేమో చూడండి. దాన్ని 111 × 1001గా విడగొట్టండి. 441 అంటే 21 వర్గం అని గుర్తుంచుకుంటే 27994681 దేని వర్గమో దానంతటదే తేలుతుంది. చివరికి కారణాంకాల సంఖ్య 243 వస్తే మీ దారి సరైనదే. 128 రాలేదేమిటని అనుమానం వస్తే, ఇందులో ప్రతి ప్రధాన సంఖ్యా రెండేసి సార్లు ఉందని గమనించి, తీసుకోవడం వదిలేయడం అన్న లెక్కని మూడు దారులతో మళ్లీ వేయండి.